మందులు మారుస్తూ పోయాం, తేదీలు చూడలేదు: ఒక టీచర్ యూరిన్ ఇన్ఫెక్షన్ కేసు

నవంబర్ రెండో వారం. సాయంత్రం ఓపీ దాదాపు అయిపోయిన టైమ్‌లో ఆవిడను భర్త ఆటోలో తీసుకొచ్చారు. దుప్పటి కప్పుకున్నా పళ్లు టకటకలాడేంత చలి. జ్వరం 102.4, నాడి నిమిషానికి 112, బీపీ 100/64, పొద్దుట్నుంచి మూడుసార్లు వాంతి. కుడివైపు వీపులో, చివరి పక్కటెముక వెన్నును కలిసే చోట పిడికిలితో మెల్లగా తట్టానో లేదో "అమ్మా" అని ముడుచుకుపోయారు. ఆ ఒక్క తట్టుతో సగం సంగతి అర్థమైపోతుంది. ఇన్ఫెక్షన్ మూత్రాశయం దాటి కిడ్నీకి ఎక్కింది.

వయసు 36, ఖమ్మం జిల్లాలో ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచర్. షుగర్ లేదు, కిడ్నీలో రాళ్లున్నట్టు ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు, ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. (ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.) పాత చీటీ తీసి చూస్తే నా గుండె జారింది. ఇదే మనిషి ఆగస్టులో మూత్రానికి వెళ్తే మంట అని నా దగ్గరికే వచ్చారు. చీటీ మీద నా చేతిరాతే ఉంది: సెఫిక్సిమ్ (ఒక యాంటీబయాటిక్) 200, రోజుకు రెండు, 5 రోజులు. మామూలు యూరిన్ పరీక్ష చేయించాను, కల్చర్ (మూత్రంలోని బాక్టీరియాను ల్యాబులో పెంచి, అది ఏదో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) రాయలేదు. ఇతర జబ్బులేవీ లేని స్త్రీ మొదటిసారి మంటతో వస్తే కల్చర్ లేకుండా మందు రాయడం తప్పు కాదు, అందరం చేసేదే. కానీ ఇది మొదటిసారా, ఎన్నోసారి అని నేను అడగలేదు. అడిగితే ఆవిడ చెప్పేవారు. ఈ కేసు రాయాలనిపించింది ఆ అడగని ప్రశ్న వల్లే.

ఆ రాత్రి అడ్మిట్ చేశాం. సెలైన్ పెట్టే ముందు, యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే, రక్తం కల్చర్‌కీ మూత్రం కల్చర్‌కీ శాంపిల్ తీశాం. చాలా చోట్ల హడావుడిలో ముందు ఇంజెక్షన్ పడిపోతుంది, కల్చర్ సంగతి మర్నాడు గుర్తొస్తుంది, అప్పటికి ప్లేటు మీద ఏమీ పెరగదు, రిపోర్టు "నో గ్రోత్" అని వస్తుంది, అందరం ఇన్ఫెక్షన్ లేదనుకుంటాం. ఇంకో రెండు నిమిషాలు ఆగి డబ్బా చేతికిస్తే చాలు. ప్రెగ్నెన్సీ పరీక్ష కూడా చేశాం, నెగెటివ్. తెల్లకణాలు 16,400కి పెరిగాయి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9, అంటే మామూలే, మూత్రంలో చీము కణాలు లెక్కకు అందనన్ని.

భర్తను పాత చీటీలు, మందులు ఏమున్నా తెమ్మన్నాను. మర్నాడు ఒక బట్టల షాపు ప్లాస్టిక్ కవరు తెచ్చి టేబుల్ మీద బోర్లించారు. నార్‌ఫ్లాక్సాసిన్ 400 స్ట్రిప్పు, పదింటిలో 6 మిగిలాయి. ఒఫ్లాక్సాసిన్ స్ట్రిప్పు, సగం ఖాళీ. డాక్టర్ చీటీ మీదే అమ్మాలని గుర్తుగా వేసే ఎర్రగీత మాత్రం కనిపిస్తూ పేరున్న భాగం కత్తిరింపులో పోయిన ఒక ముక్క, అందులో రెండు మాత్రలు. మెడికల్ షాపులో నాలుగు మాత్రలు అడిగితే కత్తెరతో కోసి ఇస్తారు కదా, అలా. అది ఏ మందో ఇప్పటికీ తెలీదు. ఇంకా మూత్రంలో ఆమ్లగుణం తగ్గించే ఆల్కలైజర్ సిరప్, సగం తాగిన సీసా, బార్లీ పొట్లం, పల్లేరు కాయలు. ప్రతిసారీ కథ ఒకటే. మంట మొదలవగానే "వేడి చేసింది" అని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, మజ్జిగ. రెండు రోజులకు తగ్గకపోతే మెడికల్ షాపు, నాలుగు మాత్రలు. మంట తగ్గగానే మిగిలినవి కవర్లోకి.

బార్లీ నీళ్లను నేనెప్పుడూ వద్దనను. ఎక్కువ ద్రవం లోపలికి పోతుంది, మూత్రం పలచబడి మంట తగ్గుతుంది. బాక్టీరియాను చంపేది మాత్రం కాదు. అసలు చిక్కు "వేడి చేసింది" అనే మాటతో. ఆ మాట అనుకున్నాక ఇంక కారణం వెతకం. ఆ సంగతి తర్వాత చెప్తాను, ఈ కేసులో మమ్మల్ని తప్పుదారి పట్టించిందీ దారిలో పెట్టిందీ ఆ మాటే.

ఆగస్టులో నేనిచ్చింది సెఫిక్సిమ్, అంటే సెఫలోస్పోరిన్ కుటుంబం, అంతకుముందు పడ్డవి క్వినొలోన్లు, అంటే నార్‌ఫ్లాక్సాసిన్ కుటుంబం. ఈ ఇన్ఫెక్షన్‌కు ఎక్కువగా కారణమయ్యే బాక్టీరియా ఈ.కోలై. మన దేశంలో మూత్రంలో దొరికే ఈ.కోలై ఈ రెండు కుటుంబాలకూ ఎంతగా మొండికేసిందో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఏటా ఇచ్చే నివేదికలు చూసేవాళ్లకు తెలుసు. అందుకని ఈసారి సెఫిక్సిమ్ కుటుంబానిదే అయిన సెఫ్ట్రయాక్సోన్ ఇంజెక్షన్ దగ్గర ఆగలేదు. కిడ్నీ పనితీరు బాగుంది, బరువు 52 కిలోలు, వేరే కుటుంబపు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ అమికాసిన్ 750 మిల్లీగ్రాములు రోజుకు ఒక్కసారి మొదలుపెట్టాం. బీపీ పడిపోతున్నా, మనిషి మగతగా ఉన్నా నేను ఆ రాత్రే పెద్ద ఆసుపత్రికి పంపేవాణ్ని. సెలైన్ ఎక్కాక బీపీ 110 దాటింది, మూత్రం వస్తోంది, అందుకే ఉంచాం. స్కాన్‌లో కుడి కిడ్నీ కాస్త ఉబ్బినట్టుంది, రాయి లేదు, అడ్డు లేదు, చీముగడ్డ లేదు. ఇది చూసుకోవడం ముఖ్యం. అడ్డు ఉంటే ఎన్ని ఇంజెక్షన్లు చేసినా జ్వరం దిగదు, ముందు అడ్డు తీయాలి.

రెండో రోజు మధ్యాహ్నం ల్యాబ్ నుంచి ఫోన్. పక్క వీధే కాబట్టి నేనే వెళ్లాను. నీలి ఆకుపచ్చ రంగు ప్లేటు మీద పసుపు పచ్చటి చుక్కలు, విడివిడిగా లెక్కపెట్టలేనంత ఒత్తుగా. మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు మాత్రమే పట్టే తీగ చుట్టతో శాంపిల్ రాస్తారు, కాబట్టి ప్లేటు మీద వంద చుక్కలంటే మిల్లీలీటరుకు లక్ష. లక్ష దాటితే ఇన్ఫెక్షన్ అని పుస్తకంలో చదువుకున్నాం గానీ, మంటతో వచ్చిన స్త్రీలో అంతకన్నా బాగా తక్కువ ఉన్నా లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఇక్కడ ఆ సందేహమే లేదు. బాక్టీరియా పూసి, ఏ మందుకు లొంగుతుందో చూడ్డానికి మందు బిళ్లలు పెట్టిన ప్లేటు మూడో రోజు చూశాను. సెఫ్ట్రయాక్సోన్ బిళ్ల అంచు దాకా బాక్టీరియా పెరిగి ఉంది, బిళ్ల ఉన్నట్టే లెక్కచేయలేదు. సిప్రోఫ్లాక్సాసిన్ చుట్టూ అంతే. సెఫ్టాజిడిమ్ (ఇదీ సెఫలోస్పోరినే) బిళ్ల చుట్టూ బాక్టీరియా లేని చిన్న వలయం, అదే మందుకు క్లావులానేట్ (బాక్టీరియా ఎంజైమ్‌ను అడ్డుకునేది) కలిపిన బిళ్ల చుట్టూ చాలా వెడల్పు వలయం. ఆ తేడా 5 మిల్లీమీటర్లు, అంతకు మించితే ఈఎస్‌బీఎల్ రకం, అంటే సెఫలోస్పోరిన్లను విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసుకునే ఈ.కోలై. అమికాసిన్, నైట్రోఫ్యురంటాయిన్, ఫాస్ఫోమైసిన్, మెరోపెనెమ్ చుట్టూ శుభ్రంగా ఖాళీ.

ఆగస్టులో నేనిచ్చిన సెఫిక్సిమ్ ఈ బాక్టీరియా మీద పనిచేసే మందు కాదు. అప్పుడు మంట ఎలా తగ్గిందో చెప్పలేను, అప్పుడున్నదీ ఇదే బాక్టీరియానో కాదో కూడా చెప్పలేను. కల్చర్ చేయించి ఉంటే చెప్పగలిగేవాణ్ని.

రిపోర్టు చూసి భర్త అడిగారు, "నైట్రోఫ్యురంటాయిన్ పనిచేస్తుందని ఉంది కదా సార్, మాత్రలిచ్చి పంపేయొచ్చుగా?" మంచి ప్రశ్న. మనలో చాలామంది డాక్టర్లు కూడా ఇక్కడే పొరపడతారు. ఆ మందు మూత్రంలోకి బాగా చేరుతుంది, రక్తంలో, కిడ్నీ కండలో సరిపడా ఉండదు. మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కు అది మంచి మందు, జ్వరం, నడుము నొప్పితో వచ్చిన కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు ఇవ్వకూడదు. ఫాస్ఫోమైసిన్ పొడి సాచెట్‌దీ అదే సంగతి. ల్యాబ్ ప్లేటుకు జబ్బు ఎక్కడుందో తెలీదు కదా. అమికాసిన్‌తో మూడో రోజుకే జ్వరం దిగింది, అన్నం తింటున్నారు, అందుకని మొండి ఇన్ఫెక్షన్లకు దాచుకోవాల్సిన మెరోపెనెమ్ జోలికి పోకుండా అదే కొనసాగించాను. మూడు రోజులు బెడ్డు మీద, తర్వాత నాలుగు రోజులు పొద్దున వచ్చి ఇంజెక్షన్ వేయించుకుని వెళ్లేలా, మొత్తం 7 రోజులు. ఈ మందు కిడ్నీని, చెవిని దెబ్బతీయగలదు కాబట్టి క్రియాటినిన్ రెండుసార్లు చూశాం, 0.9 దగ్గరే ఉంది. చెవిలో హోరు, తల తిరగడం ఏమైనా ఉందా అని రోజూ అడిగాం. రక్తం కల్చర్‌లో ఏమీ పెరగలేదు.

మామూలుగా అయితే కేసు ఇక్కడితో అయిపోయేది. డిశ్చార్జి కాగితంలో "నీళ్లు బాగా తాగండి" అని ఒక లైను రాసి పంపేవాణ్ని.

ఆ కవర్లో ఉన్న చీటీలు, బిల్లులు తేదీల వారీగా పేర్చింది మా సిస్టర్. నిరుడు జూలై, నిరుడు సెప్టెంబర్, డిసెంబర్, ఫిబ్రవరి, ఆగస్టు, ఇప్పుడు నవంబర్. గత 12 నెలల్లోనే నాలుగుసార్లు. ఆరు నెలల్లో రెండుసార్లు గానీ ఏడాదిలో మూడుసార్లు గానీ వస్తే తిరగబెట్టే ఇన్ఫెక్షన్ అంటాం, దాని దారి వేరు, ప్రతిసారీ కల్చర్ ఉండాల్సిందే, కారణం వెతకాల్సిందే. సరే, అది తెలిసిన విషయమే. ఆ తేదీలను రెండోసారి చూస్తుంటే ఒకటి తట్టింది. మార్చి, ఏప్రిల్, మే ఒక్కటీ లేవు. ఖమ్మంలో మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, రోడ్డు మీద కుక్క కూడా కనపడదు. వేడి చేయడం వల్లే ఇది వచ్చేదైతే రావాల్సింది అప్పుడు. అప్పుడు రాకుండా వానాకాలంలో, చలికాలంలో ఎందుకొస్తోంది?

"వేసవిలో ఏం చేస్తారమ్మా?" అని అడిగాను. "ఏం లేదు సార్, మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, తర్వాత సెలవులు, ఇంట్లోనే ఉంటా" అన్నారు. నీళ్లు తాగుతారా అంటే "బాగానే తాగుతా సార్". భర్తతో కలయిక తర్వాత మంట వస్తుందా అని కూడా, ఆయన్ని బయటికి పంపి, సిస్టర్ పక్కనుండగా అడిగాను. చాలామందిలో అదొక కారణం, అడగడానికి మనకు మొహమాటం, చెప్పడానికి వాళ్లకు సిగ్గు, అలా ఏళ్లు గడిచిపోతాయి. అలాంటి సంబంధమేమీ లేదన్నారు, పైగా భర్త ఏడాదంతా ఇంట్లోనే ఉంటారు కాబట్టి తేదీలకు అది అతకదు.

అసలు సంగతి నాకు చెప్పలేదు, సిస్టర్‌కి చెప్పారు. అయిదో రోజు ఇంజెక్షన్ ఎక్కుతుండగా మాటల్లో "అక్కా, బళ్లో బాత్రూముకి వెళ్తారా?" అని సిస్టర్ అడిగిందట. "ఎక్కడ వెళ్లేది సిస్టర్, తలుపుకి గొళ్లెం లేదు, లోపల నీళ్లు రావు. గోడవతలే పిల్లలు ఆడుతుంటారు. పొద్దున ఏడున్నరకు ఇంట్లో వెళ్తే మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చాకే. అందుకే బళ్లో నీళ్లు తాగను, తాగితే వస్తుంది కదా." పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం అయిదున్నర. పది గంటలు. నాతో అన్న "బాగానే తాగుతా" అబద్ధం కాదు, ఇంటికొచ్చాక చెంబెడు నీళ్లు తాగుతారు. నేనే సరిగ్గా అడగలేదు. ఏ టైముకు ఎన్ని గ్లాసులు, ఏ టైముకు బాత్రూము అని అడగాలి.

స్త్రీలలో మూత్రనాళం పొడవు 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో దాదాపు 20. పేగుల్లో హాయిగా బతికే ఈ.కోలై ఆ కొద్ది దూరం పాకి మూత్రాశయంలోకి చేరడం ఏ స్త్రీకైనా జరిగేదే, శుభ్రత లేకపోవడం అని అనుకోవద్దు, దీంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దాని ఒంటి మీద సన్నటి నూగులాంటి కొక్కేలుంటాయి, వాటితో మూత్రాశయం గోడకు అతుక్కుంటుంది. మూత్రం ధారగా పోయినప్పుడల్లా అతుక్కోనివి కొట్టుకుపోతాయి. పోకపోతే అక్కడే ఉండి, అనుకూలిస్తే అరగంటకో గంటకో రెట్టింపవుతాయి. పది గంటలు, చిక్కటి కొద్దిపాటి మూత్రం, కడిగే ధార లేదు. బిగబట్టుకోవడం ఒక్కదాని మీదే నేరం మోపను, కానీ నీళ్ల సంగతికి గట్టి ఆధారం ఉంది. రోజుకు లీటరున్నర కన్నా తక్కువ తాగే, మాటిమాటికీ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది స్త్రీల మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. సగం మంది చేత రోజూ ఇంకో లీటరున్నర అదనంగా తాగించారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు వచ్చింది, మామూలుగా ఉన్నవాళ్లకు 3.2 సార్లు. అంత తేడా తెచ్చే మాత్ర ఏదైనా వస్తే మనమందరం ఎగబడి రాస్తాం.

ఇలాంటి కేసుల్లో రోజూ రాత్రి చిన్న డోసు యాంటీబయాటిక్ ఆరు నెలలు ఇచ్చే పద్ధతి ఒకటుంది. ఈఎస్‌బీఎల్ వచ్చిన మనిషికి, కారణం కళ్ల ముందు కనిపిస్తుండగా, ముందే అది మొదలుపెట్టడం నాకు మనస్కరించలేదు. షుగర్ పరీక్ష మామూలు, మూత్రం పోసిన తర్వాత స్కాన్‌లో మిగిలింది 20 మిల్లీలీటర్లే. (నెలసరి ఆగిన వయసైతే ఈస్ట్రోజన్ క్రీము గురించి ఆలోచించేవాణ్ని, ఈవిడకు అవసరం లేదు.)

కాబట్టి రాసిచ్చింది మందుల చీటీ కాదు, బడి టైమ్‌టేబుల్. బయల్దేరే ముందు ఒక గ్లాసు, ఇంటర్వెల్ లోపు అర లీటరు, భోజనం నుంచి చివరి పీరియడ్ లోపు ఇంకో అర లీటరు, ఇంటర్వెల్‌లో ఒకసారి, భోజనాల టైములో ఒకసారి, బస్సెక్కే ముందు ఒకసారి బాత్రూము. రోజు మొత్తం మీద రెండున్నర లీటర్లు. కలయిక తర్వాత మూత్రానికి వెళ్లమన్నాను, సువాసన వాష్‌లు మానేసి మామూలు నీళ్లు చాలన్నాను. ఆవిడ చీటీ చూసి "ఇది బాగానే ఉంది సార్, గొళ్లెం ఎవరు పెడతారు?" అన్నారు. నిజమే. గొళ్లెం లేకుండా నా చీటీ చిత్తు కాగితం. హెచ్ఎం గారితో మీరే మాట్లాడండి, కావాలంటే మెడికల్ కాగితం రాసిస్తా అన్నాను. కాగితం అవసరం పడలేదు. వారంలోపే గొళ్లెం, బకెట్, మగ్గు వచ్చాయి, పిల్లల ఇంటర్వెల్‌కు ముందు పది నిమిషాలు టీచర్లకు, వంట చేసే అక్కలకు అని ఏర్పాటు చేసుకున్నారు.

తర్వాత నెల వచ్చినప్పుడు ఆవిడ చెప్పిన మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. "సార్, నేను తాగుతున్నానని అయిదో తరగతి ఆడపిల్లల బాటిళ్లు చూశాను. సాయంత్రానికి నిండుగానే ఉంటున్నాయి." పదేళ్ల పిల్లలు. వాళ్లూ ఇదే లెక్క వేసుకున్నారు, తాగితే వస్తుంది కదా అని. ఎవరూ నేర్పకుండానే. ఇప్పుడు నా దగ్గరికి పొత్తికడుపు నొప్పి అని వచ్చే ప్రతి బడి పిల్లనూ ముందు ఇదే అడుగుతున్నాను.

ఫిబ్రవరిలో మళ్లీ మంట మొదలైంది. జ్వరం లేదు, నడుము నొప్పి లేదు. ఈసారి మెడికల్ షాపుకు పోలేదు, ముందు శాంపిల్ ఇచ్చారు. ఎలా పట్టాలో ముందే చెప్పి ఉంచాం. సబ్బు, డెటాల్ లేకుండా నీళ్లతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార డబ్బాలో పట్టి, మూత లోపలి వైపు వేలు తగలకుండా బిగించి, గంటలోపు ల్యాబులో ఇవ్వాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాలి. బయట రెండు మూడు గంటలుంటే డబ్బాలోనే బాక్టీరియా పెరిగిపోయి లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. (ఒకసారి ఒకాయన కడిగిన దగ్గు మందు సీసాలో తెచ్చారు, ఆ రిపోర్టు దేనికీ పనికిరాదు.) శాంపిల్ ఇచ్చాక అదే రోజు నైట్రోఫ్యురంటాయిన్ 100, రోజుకు రెండు, అన్నం తిన్నాక, 5 రోజులు. మూత్రం ముదురు పసుపుగా, గోధుమ రంగుగా వస్తుంది, టెన్షన్ పడొద్దని ముందే చెప్పాను. చెప్పకపోతే రెండో రోజే మానేస్తారు. ఆల్కలైజర్ సిరప్ మాత్రం తాగొద్దన్నాను, మూత్రంలో ఆమ్లగుణం ఉంటేనే ఈ మందు బాగా పనిచేస్తుంది. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాల్లో ఒక ఎంజైమ్ తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లకు, కాన్పు దగ్గరపడ్డ గర్భిణులకు ఇది వద్దు. కల్చర్‌లో ఈ.కోలై వచ్చింది, ఇదే మందుకు లొంగేదే. రెండు రోజుల్లో మంట పోయింది, 5 రోజులూ పూర్తిగా వేసుకున్నారు, ఖాళీ స్ట్రిప్పు తెచ్చి చూపించారు.

మార్చిలో ఇంకో సంఘటన. ఏదో హెల్త్ చెకప్‌లో చీము కణాలు 8–10, కల్చర్‌లో పెరుగుదల అని రిపోర్టు పట్టుకుని వణికిపోతూ వచ్చారు. మంట ఉందా? లేదు. మాటిమాటికీ వెళ్లాలనిపిస్తోందా? లేదు. జ్వరం? లేదు. మందు ఇవ్వలేదు. ఏ బాధా లేనప్పుడు మూత్రంలో బాక్టీరియా కనిపించినంత మాత్రాన మందు వేస్తే, నెమ్మదిగా ఉన్న బాక్టీరియా పోయి మొండిది వచ్చి కూర్చుంటుంది. గర్భిణులు, మూత్రనాళంలో ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు, వీళ్ల సంగతి వేరు, వాళ్లకు బాధ లేకపోయినా వైద్యం చేయాలి. ఆవిడకు ఇది నమ్మించడానికి ఇరవై నిమిషాలు పట్టింది, జ్వరం పోయాక కూడా ఇంజెక్షన్లు వేయించుకోమని ఒప్పించడం కన్నా కష్టమైంది. చలి జ్వరం, నడుము నొప్పి, వాంతులు, ఈ మూడింట్లో ఏదొచ్చినా అర్ధరాత్రి అయినా ఫోన్ చేయమని నంబరు ఇచ్చి పంపాను. ఫోన్ రాలేదు.

నవంబర్ నుంచి నవంబర్ దాకా లెక్క చూస్తే, అంతకుముందు ఏడాది నాలుగుసార్లు వచ్చింది, ఈ ఏడాది ఒక్కసారి, అదీ మూత్రాశయం దాటలేదు. ఈ మధ్యే ఆవిడకు వేరే మండలానికి బదిలీ అయింది. చేరిన రోజు సాయంత్రం మా సిస్టర్‌కి ఫోన్ చేశారు. కొత్త బళ్లో గొళ్లెం ఉందట, నీళ్లు లేవట, మర్నాడు బకెట్ కొనుక్కుని వెళ్తానన్నారు.